అమ్మానాన్న ‘కుటుంబం’ కాని రోజులు

కరోనా కాలంలో ఆస్ట్రేలియా తన చుట్టూ ఓ గీత గీసుకుంది. ఆ గీత వేల ప్రాణాల్ని నిలబెట్టింది. గీతకు ఇటు ఒకరు, అటు ఒకరు మిగిలిపోయిన ఇళ్లలో మాత్రం అది ఫారాలతో, పర్మిట్లతో, జవాబు రాని మెయిళ్లతో గడిచిన కాలం. అక్కడి తెలుగువారి ఇళ్లూ అందులో ఉన్నాయి.

తెలుగింట్లో రెండు ప్రయాణాలకు ముహూర్తం చూడరు. కూతురికి నెలలు నిండుతున్నాయంటే అమ్మ బయల్దేరుతుంది. నాన్న పోయాడని కబురొస్తే కొడుకు బయల్దేరతాడు. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, దొరికిన బండి పట్టుకుని వెళ్లిపోవడమే.

2020 మార్చి నుంచి 2021 అక్టోబరు చివరిదాకా ఆస్ట్రేలియాలో స్థిరపడ్డవాళ్లకు ఈ రెండు ప్రయాణాలకూ సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. పురుడుకి రావాల్సిన అమ్మ అక్కడి నిబంధనల ప్రకారం ‘దగ్గరి కుటుంబం’ కిందకి రాదు. కర్మ చేయాల్సిన కొడుకు ముందు ఫారం నింపాలి, తండ్రి మరణ ధ్రువపత్రం జతచేయాలి. అది తెలుగులో ఉంటే ఇంగ్లిష్‌లోకి అధికారికంగా అనువాదం చేయించాలి, జవాబు కోసం ఆగాలి. అనుమతి వచ్చినా విమానంలో సీటు దొరకాలి. ఇండియాలో దిగాక క్వారంటైన్, తిరిగొచ్చాక మరో పద్నాలుగు రోజులు. పదకొండో రోజు ఎవరి కోసమూ ఆగదు కదా! మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో, సిడ్నీ వెస్ట్‌మీడ్‌లోనో హాల్లో సోఫా పక్కకి జరిపి, ఫోన్‌ని గోడకి ఆనించి, వాట్సాప్ వీడియోలో తండ్రి చితిని చూసిన కొడుకులు ఆ రెండేళ్లలో ఎందరో.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలు. 2016లో ఆ సంఖ్య 34 వేల పైచిలుకు. అంటే కరోనా వచ్చేనాటికి అక్కడున్న మనవాళ్లలో చాలామంది కొత్తగా వెళ్లినవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు, పిల్లలు అక్కడ పుడుతున్నారు. సరిహద్దు మూతపడితే దెబ్బ ఎక్కువగా తగిలేది ఇలాంటి ఇళ్లకే.

పది రోజుల్లో మూతపడ్డ ఖండం

ఆస్ట్రేలియాలో తొలి కేసు 2020 జనవరి 25న బయటపడింది. ఫిబ్రవరి 1 నుంచి చైనా నుంచి వచ్చే విదేశీయులను ఆపారు. మార్చి 18న జీవభద్రత చట్టం కింద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మార్చి 20 రాత్రి తొమ్మిది గంటల నుంచి పౌరులు, శాశ్వత నివాసులు, వాళ్ల దగ్గరి కుటుంబ సభ్యులు తప్ప మరెవరూ దేశంలో అడుగుపెట్టకూడదన్నారు. మార్చి 25 నుంచి ఇంకో అడుగు ముందుకేసి, సొంత పౌరులు, శాశ్వత నివాసులు దేశం విడిచి వెళ్లడాన్నీ నిషేధించారు. మార్చి 28 అర్ధరాత్రి నుంచి విదేశాల నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ పద్నాలుగు రోజుల హోటల్ క్వారంటైన్ తప్పనిసరి అయింది.

రాకూడదన్న నిబంధన చాలా దేశాలు పెట్టాయి. పోకూడదని సొంత పౌరుల్ని కట్టడి చేసిన ప్రజాస్వామ్య దేశాలు అరుదు. వెళ్లినవాళ్లు మళ్లీ తిరిగొస్తారు, వచ్చేటప్పుడు వైరస్‌ని తెస్తారు, వాళ్లను ఉంచే హోటల్ గదులు పరిమితం అన్నది ప్రభుత్వం వాదన. ఈ నిషేధాన్ని సవాలు చేస్తూ ఓ సంస్థ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. 2021 జూన్ 1న కోర్టు ప్రభుత్వం పక్షానే నిలిచింది.

తాత్కాలిక వీసాలో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకో రకం. చదువుకునే పిల్లలకు, ఉద్యోగ వీసావాళ్లకు వెళ్లడానికి అడ్డు లేదు. వెళ్తే తిరిగి రావడానికే దారి లేదు. నాన్నకి ఒంట్లో బాగాలేదని తెలిస్తే వెళ్లి చూసి రావచ్చు, కానీ ఉద్యోగం, అద్దె ఇల్లు, కారు అప్పు, అన్నీ అక్కడే వదిలేసి రావాలి. పైగా ఏప్రిల్ మొదట్లో అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్, తమను తాము పోషించుకోలేని విద్యార్థులు, సందర్శకులు స్వదేశానికి వెళ్లిపోవడమే మంచిదని చెప్పేశారు. జీతాలకు ప్రభుత్వం ఇచ్చిన ‘జాబ్‌కీపర్’ సాయంలోనూ తాత్కాలిక వీసాదారుల్లో ఎక్కువమందికి చోటు లేదు.

సెలవులకు ఇంటికొచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన విద్యార్థులది మరో బాధ. మెల్‌బోర్న్‌లో ఉదయం తొమ్మిదికి క్లాసంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర, అక్కడి వేసవిలో మూడున్నర. అలారం పెట్టుకుని లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో విదేశీ చదువు సాగించారు. తలుపు వాళ్లకు తెరుచుకోవడానికి 2021 డిసెంబరు 15 దాకా పట్టింది.

ఫారంలో లేని గడి

వెళ్లడానికైనా, రప్పించుకోవడానికైనా మన భాషలో అందరి నోటా నలిగిన మాట ‘ఎగ్జెంప్షన్’. సరిహద్దు దళం ఆన్‌లైన్‌లో ఇచ్చే మినహాయింపు అది. దేశం దాటాలంటే కారణం చూపాలి. ఆస్ట్రేలియాలో దొరకని వైద్యం, తప్పించుకోలేని సొంత పని, మానవతా కారణం, తప్పనిసరి వ్యాపారం లాంటి కొన్ని గడులుండేవి. మీ కథ వాటిలో ఏదో ఒకదానిలో ఇమడాలి. తర్వాత ‘మూడు నెలలు, అంతకుమించి బయటే ఉంటాను’ అన్న గడి కూడా చేరింది. పది రోజులు వెళ్లొస్తానంటే కుదరదు, మూడు నెలలు ఉంటానంటే సరే. ఉద్యోగం చేసుకునేవాడికి మూడు నెలల సెలవు ఎవరిస్తారు?

అనుమతి కోరినవాళ్లకు ఎదుటి మనిషి కనపడడు. తండ్రికి ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారని ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకుని పంపాలి. డాక్టరుగారు ఏ రాత్రో తీరిక చూసుకుని రాసే ఆ కాగితంలో ‘పరిస్థితి విషమం’ అన్న మాట ఉందా లేదా అన్నదాని మీద కొడుకు ప్రయాణం ఆధారపడేది. అదే కాగితం పెట్టి ఒకరికి అనుమతి వచ్చి, ఇంకొకరికి రాకపోతే ఎందుకని అడగడానికి మనిషి లేడు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో, గుడి వాట్సాప్ గ్రూపుల్లో ‘మీరేం రాశారు? ఏ పత్రాలు పెట్టారు?’ అన్నదే ప్రశ్న. ఫారం నింపడంలో చెయ్యి తిరిగినవాళ్లు ఆ రోజుల్లో ప్రతి కాలనీలోనూ తయారయ్యారు.

అమ్మని రప్పించుకోవడం దీనికంటే కష్టం. ఆస్ట్రేలియా లెక్కలో దగ్గరి కుటుంబం అంటే భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లలు, చట్టబద్ధమైన సంరక్షకులు. పెళ్లయి, ఉద్యోగం చేస్తూ, ఇల్లు కొనుక్కున్న మనిషికి తల్లిదండ్రులు ఆ జాబితాలోకి రారు. పాశ్చాత్య దేశపు గుమాస్తా కంటికి అది సహజమే. పద్దెనిమిది దాటితే ఎవరిల్లు వారిది. మనకి మాత్రం పురిటిగదిలో పక్కన ఉండాల్సింది అమ్మే. బాలింతకి పథ్యం, పసిగుడ్డుకి నూనె రాసి నీళ్లు పోయడం, సాంబ్రాణి ధూపం, రాత్రుళ్లు మేలుకోవడం... ఇదంతా అమ్మ పని. ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ పుట్టిన పిల్లలకి ఆ నీళ్లు భర్తలు పోశారు, పక్కింటి తమిళ ఆంటీలు పోశారు, అమ్మ వీడియో కాల్‌లో ‘తల కింద చెయ్యి పెట్టు, చెవుల్లో నీళ్లు పోనివ్వకు’ అని చెబుతుంటే విని పోశారు. కూతురింట్లో ఉయ్యాల ఊగే పిల్లని అమ్మమ్మలు తెర మీదే చూశారు. కొందరు చూడకుండానే పోయారు.

కిటికీ తెరుచుకోని పద్నాలుగు రోజులు

తిరిగి రాగలిగిన అదృష్టవంతులకు ఎదురయ్యేది హోటల్ గది. విమానాశ్రయం నుంచి బస్సులో ఏ హోటల్‌కి తీసుకెళ్తున్నారో దిగేదాకా తెలియదు. చాలా గదుల్లో కిటికీ తెరుచుకోదు. వేళకి తలుపు తడతారు, తెరిచేసరికి మనిషి ఉండడు, కాగితపు సంచిలో భోజనం ఉంటుంది. చిన్నపిల్లలతో ఆ గదిలో రెండు వారాలు గడపడం పరీక్షే. ఆవకాయ సీసా కస్టమ్స్ దాటి వచ్చిందంటే ఆ గదిలో పండగే.

మొదట్లో ఖర్చు ప్రభుత్వాలు భరించాయి. 2020 జులై నుంచి ప్రయాణికుల మీద వేశాయి. న్యూ సౌత్ వేల్స్‌లో ఒక పెద్దమనిషికి 3,000 డాలర్లు, అదే గదిలో రెండో మనిషికి 1,000, మూడేళ్లు దాటిన ఒక్కో బిడ్డకి 500. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలైతే 5,000 డాలర్లు. అప్పటి మారకంలో రెండున్నర లక్షల రూపాయల పైమాటే. టికెట్ ఖర్చు వేరే.

డబ్బున్నా సీటు దొరకదు. రోజుకి, వారానికి ఇంతమందే దిగాలని పరిమితి పెట్టారు. 2021 జులైలో ఆ పరిమితిని వారానికి 6,070 నుంచి 3,035కి, సరిగ్గా సగానికి తగ్గించారు. పెద్ద విమానంలో ముప్పై, నలభై మందినే ఎక్కించుకోవాల్సి వస్తే విమాన సంస్థలు ఎవరిని ఎక్కించుకుంటాయి? ఖరీదైన టికెట్ కొన్నవాళ్లని. ఎకానమీ టికెట్ రద్దయిందన్న మెసేజ్ మూడుసార్లు, నాలుగుసార్లు అందుకున్న కుటుంబాలకు లెక్కలేదు.

ఇంత పకడ్బందీగా కనిపించిన ఏర్పాటు లోపల ఎలా నడిచిందో మెల్‌బోర్న్ బయటపెట్టింది. 2020 మధ్యలో అక్కడి రెండు క్వారంటైన్ హోటళ్ల నుంచి వైరస్ బయటికి పాకింది. ఆ రెండో వేవ్‌లో విక్టోరియా రాష్ట్రంలో దాదాపు 800 మంది చనిపోయారు. మాజీ న్యాయమూర్తి జెన్నిఫర్ కోట్ విచారణ జరిపి డిసెంబరులో తుది నివేదిక ఇచ్చారు. కాపలాకి ప్రైవేటు సెక్యూరిటీని పెట్టాలని నిర్ణయించింది ఎవరని ఆమె మంత్రుల్ని, అధికారుల్ని వరసగా అడిగారు. నేనని ఒక్కరూ చెప్పలేదు. అది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయంగా తేలనే లేదు. ఎవరికి వారు అవతలివాళ్లు నిర్ణయించారనుకుంటే పని జరిగిపోయింది. తండ్రి మరణ ధ్రువపత్రంలో ఒక్క అక్షరం తేడా వచ్చినా వివరణ అడిగే వ్యవస్థ, తన అతి పెద్ద నిర్ణయానికి సంతకం చూపించలేకపోయింది.

మెల్‌బోర్న్ లాక్‌డౌన్లు: 262 రోజులు, ఆరు విడతలు

- మొదటిది: 2020 మార్చి చివరి నుంచి మే 12 దాకా, 43 రోజులు
- రెండోది: 2020 జులై నుంచి అక్టోబరు 27 దాకా, 111 రోజులు. కొన్ని వారాలు ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఐదు దాకా కర్ఫ్యూ
- మూడోది: 2021 ఫిబ్రవరి, 5 రోజులు
- నాలుగోది: 2021 మే, జూన్, 14 రోజులు
- ఐదోది: 2021 జులై, 12 రోజులు
- ఆరోది: 2021 ఆగస్టు 5 నుంచి అక్టోబరు 21 దాకా, 77 రోజులు

ఒకే దేశంలో ఎన్ని గేట్లో

ఆస్ట్రేలియాలో దేశ సరిహద్దు కేంద్రం చేతిలో ఉంటుంది. ప్రజారోగ్యం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆరు రాష్ట్రాలు, రెండు టెరిటరీలు. ఎనిమిది చోట్లా ఎవరి ముఖ్య ఆరోగ్యాధికారి వాళ్లకే ఉన్నారు, ఎవరి ఉత్తర్వు వాళ్లదే. పశ్చిమ ఆస్ట్రేలియాకి వెళ్లాలంటే ‘జీటూజీ పాస్’. విక్టోరియాకి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ జోన్ల పర్మిట్లు. క్వీన్స్‌లాండ్‌కి డిక్లరేషన్ పాస్. ఉదయం ఆకుపచ్చగా ఉన్న ఊరు సాయంత్రానికి ఎరుపెక్కేది. దారిలో ఉన్నవాళ్ల గతేమిటో రేడియోలో వినాలి.

2020 జులై 8న న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల మధ్య సరిహద్దు మూశారు. 1919లో స్పానిష్ ఫ్లూ తర్వాత అలా మూయడం అదే మొదటిసారి. ముర్రే నదికి చెరో ఒడ్డున ఉన్న ఆల్బరీ, వొడాంగాలకు ఆస్పత్రి వ్యవస్థ ఒక్కటే. అలాంటి జంట ఊళ్ల మధ్య పోలీసు చెక్‌పోస్టు వెలిసింది. క్వీన్స్‌లాండ్ కొసన కూలంగట్టా వీధుల్లో ప్లాస్టిక్ బారికేడ్లకు అటూ ఇటూ కుర్చీలు వేసుకుని కుటుంబాలు కబుర్లు చెప్పుకున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియా 2020 ఏప్రిల్ 5న గీసుకున్న గీతని 2022 మార్చి 3న గాని పూర్తిగా చెరపలేదు. ఆ గీత చెల్లదని ఓ ఖనిజ వ్యాపారి వేసిన కేసు 2020 నవంబరులో హైకోర్టులో వీగిపోయింది.

మనకీ ఈ ముచ్చట కొత్త కాదు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులతో వస్తున్న అంబులెన్సుల్ని తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపడం, హైకోర్టు కలగజేసుకోవడం మరిచిపోలేదు కదా. భయం వేసినప్పుడు ఏ ప్రభుత్వమైనా ముందు గేటే వేస్తుంది.

గేటు దగ్గర కూర్చున్నవాళ్లు ఎలా ప్రవర్తించారన్నది వేరే ప్రశ్న. విక్టోరియా అంబుడ్స్‌మన్ డెబొరా గ్లాస్ 2021 డిసెంబరులో ఇచ్చిన నివేదిక దానికి జవాబు చెప్పింది. ఆ ఏడాది జులై 9 నుంచి సెప్టెంబరు 14 దాకా సొంత రాష్ట్రంలోకి రానివ్వండంటూ మినహాయింపు కోరుతూ 33,252 దరఖాస్తులు వచ్చాయి. అనుమతి దొరికింది ఎనిమిది శాతానికే. మనిషి కష్టం చూడాల్సిన చోట కాగితాలు లెక్కపెట్టారని, విచక్షణని అన్యాయంగా వాడారని ఆమె తేల్చారు.

ఇంటికొస్తే ఐదేళ్ల జైలు

2021 ఏప్రిల్. ఇక్కడ రెండో వేవ్ ఉప్పెనలా విరుచుకుపడింది. ఆక్సిజన్ సిలిండర్ కోసం, రెమ్‌డెసివిర్ ఇంజక్షన్ కోసం ఊళ్లన్నీ పరుగులు పెడుతున్న రోజులు. ఆస్ట్రేలియా క్వారంటైన్లలో బయటపడుతున్న కేసుల్లో ఇండియా నుంచి వచ్చినవాళ్ల వాటా మార్చిలో పది శాతం ఉండగా ఏప్రిల్‌కి 57 శాతానికి చేరిందని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ 27న విమానాలు ఆపేశారు. కొందరు దోహా మీదుగా చేరుకున్నారు. ఆ కంత కూడా పూడ్చడానికి ఆరోగ్యమంత్రి గ్రెగ్ హంట్ ఓ ఉత్తర్వు తెచ్చారు. మే 3 నుంచి, గడచిన 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఆస్ట్రేలియాలో అడుగుపెడితే నేరం. పౌరులైనా సరే. ఐదేళ్ల దాకా జైలు, లేదా 66,600 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పటి మారకంలో దాదాపు 38 లక్షల రూపాయలు.

అప్పటికి ఇండియాలో చిక్కుకున్నామని పేరు నమోదు చేసుకున్న ఆస్ట్రేలియన్లు సుమారు 9,000 మంది. వాళ్లలో దాదాపు 650 మంది పరిస్థితి ఆందోళనకరమని ప్రభుత్వమే గుర్తించింది. తల్లిదండ్రుల్లేకుండా తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండిపోయిన పిల్లలే 170 మందికి పైగా ఉన్నారని పార్లమెంటరీ కమిటీ ముందు అధికారులు చెప్పారు. పసిబిడ్డని కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంచి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల్లో నిలదొక్కుకోవడం మన ఇళ్లలో మామూలు. ఆరు నెలలనుకున్నది ఏడాదిన్నర అయింది. ఒంటరి పిల్లల్ని ప్రత్యేక విమానాల్లో ఎక్కించుకోవడానికి నిబంధనలు అడ్డొచ్చాయి.

అమెరికా, బ్రిటన్లలో కేసులు మిన్నంటినప్పుడు అక్కడి నుంచి వచ్చే సొంత పౌరులకి జైలన్న మాట ఎత్తలేదు, ఇప్పుడే ఎందుకొచ్చిందని అక్కడి భారతీయులు అడిగారు. మానవ హక్కుల కమిషన్ అడిగింది, పాలకపక్షాన్ని సమర్థించే వ్యాఖ్యాతలూ కొందరు అడిగారు. ఐపీఎల్ ఆడుతున్న క్రికెటర్లకీ తిప్పలు తప్పలేదు. మే 4న టోర్నీ ఆగిపోయాక, బుట్టబొమ్మ స్టెప్పులతో మన ఇళ్లలో మనిషైపోయిన డేవిడ్ వార్నర్ సహా వాళ్లంతా మాల్దీవులకు వెళ్లి నిషేధం గడువు తీరేదాకా కూర్చున్నారు. అలా కూర్చోగలిగినవాళ్లు ఎందరుంటారు?

బెంగళూరులో చిక్కుకున్న 73 ఏళ్ల పౌరుడొకరు ఈ ఉత్తర్వుని సవాలు చేశారు. మే 10న ఫెడరల్ కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. మంత్రికి చట్టం ఆ అధికారం ఇచ్చిందంది. అదే రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది కన్నుమూశారు.

నిషేధం మే 15తో ముగిసింది. ఢిల్లీ నుంచి బయల్దేరిన తొలి విమానంలో 150 మంది రావాల్సి ఉండగా 70 మందికి పైగా ఆగిపోయారు. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు, వాళ్ల పక్కన మసలినవాళ్లు. మిగిలినవాళ్లు డార్విన్ దగ్గర హోవార్డ్ స్ప్రింగ్స్‌లో, ఒకప్పుడు గ్యాస్ ప్రాజెక్టు కార్మికుల కోసం కట్టిన క్యాంపులో దిగారు. అక్కడ గదికో వరండా ఉంటుంది, గాలి ఆడుతుంది. దేశంలో క్వారంటైన్‌కి అన్నిటికంటే పనికొచ్చిన చోటు అదేనని నిపుణులు పదేపదే చెప్పారు. అలాంటివి మరికొన్ని ముందే కట్టి ఉంటే?

టీకా ఒకటే, పేర్లే వేరు

తర్వాతి చిక్కు టీకాది. ఆస్ట్రాజెనెకా టీకాకి ఆస్ట్రేలియా ఆమోదం ఉంది. అదే టీకా పుణెలో తయారై కోవిషీల్డ్ పేరుతో వస్తే 2021 అక్టోబరు 1 దాకా గుర్తింపు లేదు. హైదరాబాద్ శివార్లలో జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాగ్జిన్‌కి నవంబరు 1న గుర్తింపు దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దానికి రెండు రోజుల తర్వాత, నవంబరు 3న వచ్చింది.

పీహెచ్‌సీలో ఆ రోజు ఏది ఉంటే అది వేయించుకున్న పెద్దవాళ్లకి ఈ లెక్కలేం తెలుసు! ‘కోవాగ్జిన్ వేయించుకున్నాం, ఇక పిల్లాడి దగ్గరికి వెళ్లలేమేమో’ అని దిగులుపడ్డ తండ్రులు ఆ ఏడాది ప్రతి ఊళ్లోనూ కనిపించారు. మన హైదరాబాద్‌లో తయారైన టీకా మన మనవల్ని చూడ్డానికి అడ్డొచ్చిందన్న బాధ వాళ్లది.

అమ్మ కుటుంబమైన రోజు

అమ్మానాన్నల్ని కుటుంబంగా గుర్తించండంటూ అక్కడి వలస కుటుంబాలు పార్లమెంటుకు పిటిషన్లు పెట్టాయి, ఎంపీలకు ఉత్తరాలు రాశాయి. 2021 అక్టోబరు 15న మారిసన్ ప్రకటన చేశారు. నవంబరు 1 నుంచి పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులు కూడా ‘దగ్గరి కుటుంబం’ కిందకి వస్తారు. రెండు డోసులు వేసుకున్న పౌరులు వెళ్లడానికి ఇక అనుమతి అడగనక్కర్లేదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో దిగితే హోటల్ క్వారంటైన్ కూడా లేదు. పందొమ్మిది నెలలు కుటుంబం కాని అమ్మ, ఒక్క సవరణతో కుటుంబమైంది. ఆ మధ్యకాలంలో అమ్మలో మారిందేమీ లేదు, ఫారంలో ఓ గడి చేరింది.

గడి చేరింది గాని, ఆ గడిలో కూర్చోవడానికి రుజువులు కావాలి. ఇక్కడే మన సొంత తంటా మొదలైంది. అబ్బాయి జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ‘లక్ష్మి’, పాస్‌పోర్టులో ‘వెంకట మహాలక్ష్మమ్మ’. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకటి, తర్వాత ఒకటి. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, పదో తరగతి మెమోలో జూన్. ఊళ్లో పుట్టిన పాతతరం వాళ్ల పిల్లలకి అసలు జనన ధ్రువపత్రమే లేదు. ‘ఈమే ఆ ఆమె’ అని నోటరీ చేయించిన అఫిడవిట్లతో ఎన్ని ఫైళ్లు కదిలాయో. ఆస్ట్రేలియా గుమాస్తాకి మన ఇంటిపేర్ల సంగతి తెలియదని నిందించడం తేలికే. మన ఊళ్లో మన గుమాస్తా రాసిన పేరుని మనం మాత్రం ఎప్పుడు సరిచూసుకున్నాం?

2022 ఫిబ్రవరి 21న పర్యాటకులపై నిషేధానికి, ఏప్రిల్ 17తో అత్యవసర పరిస్థితికి, జులై 6తో టీకా నిబంధనకి తెరపడింది. ఒక్కో కాగితం రద్దవుతూ, రెండేళ్లకి పైగా నడిచిన యంత్రం ఆగింది.

లెక్క తేల్చాలంటే

ఈ కథకి రెండో వైపు ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 2020 ముగిసేనాటికి రెండున్నర కోట్ల జనాభా ఉన్న ఆస్ట్రేలియాలో కోవిడ్‌తో చనిపోయినవాళ్లు 909 మంది. ఆ సమయానికి అమెరికా, బ్రిటన్, ఇండియాల్లో శ్మశానాలు ఎలా ఉన్నాయో మనకి తెలుసు. టీకా వచ్చేదాకా వైరస్‌ని వాకిట్లోనే ఆపగలిగింది ఆ దేశం. అక్కడున్న మన పిల్లలు క్షేమంగా ఉన్నారని ఇక్కడి తల్లులు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది కూడా ఆ గీత పుణ్యమే.

మరి తప్పెక్కడ? ప్రభుత్వం నియమించిన విచారణ బృందం 2024 అక్టోబరు 29న బయటికొచ్చిన నివేదిక ఆ మాటే చెప్పింది. తొలి నెలల్లో వేగంగా కదలడం మేలు చేసింది. తర్వాత నిర్ణయాల వెనక కారణాలు జనానికి చెప్పలేదు. మనుషుల మీద పడే భారాన్ని తూచలేదు. నమ్మకం సడలింది. అవే ఆంక్షలు మళ్లీ పెడితే జనం ఒప్పుకోకపోవచ్చని ఆ బృందం హెచ్చరించింది. అంటువ్యాధుల కోసం ప్రత్యేకంగా ఓ జాతీయ కేంద్రం 2024 జనవరిలో తాత్కాలిక రూపంలో మొదలైంది. అయితే మంత్రి చేతికి అంత అధికారం ఇచ్చిన 2015 నాటి జీవభద్రత చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది.

తల్లిదండ్రుల వరసా ముగియలేదు. పిల్లల దగ్గర శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకునే వీసాల్లో తక్కువ రుసుము రకానికి కొత్తగా దరఖాస్తు చేస్తే ముప్పై ఏళ్లకు పైగా పట్టొచ్చని అక్కడి వలస శాఖే చెబుతోంది. అరవై ఏళ్ల అమ్మ దరఖాస్తు పెడితే ఆమెకి తొంభై దాటాక జవాబొస్తుంది. దాన్ని నిరాకరణ అనడానికి వాళ్లకి నోరు రావడం లేదంతే. చాలా కుటుంబాలు ఇప్పుడు సందర్శక వీసాల మీద కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ నడుపుకొస్తున్నాయి. మళ్లీ ఎప్పుడైనా గేటు పడితే, ఆ పూట ఎవరు ఏ ఒడ్డున ఉంటారో వాళ్లు అక్కడే.

చట్టాలు మార్చడం మన చేతిలో లేదు. అక్కడ ఓటున్న మన పిల్లలు తమ ఎంపీని అడగాల్సిన ప్రశ్న అది, అడగాలి కూడా. మన చేతిలో ఉన్నది చిన్న పని. పిల్లలు పరాయి దేశంలో ఉన్న ప్రతి ఇంట్లో ఒక ఇనప్పెట్టెనో, బీరువా అరో ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని తెరవండి. బిడ్డ జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో, మీ పాస్‌పోర్టు, ఆధార్ పక్కపక్కన పెట్టండి. నాలుగింటిలోనూ మీ పేరు ఒక్కలాగే ఉందా? లేకపోతే రేపు సోమవారం, ఆఫీసులు తెరిచే ఉంటాయి.